ఎనిమిది కేబీపీఎస్ తేడా: పద్దెనిమిదేళ్ళు లీజ్డ్ లైన్ వాడాక

కాగితం మీద తేడా 8 కేబీపీఎస్, అంటే సెకనుకు 8 వేల బిట్లు. డయలప్ మోడెమ్ అట్టపెట్టె మీద 56కే అని ఉండేది, 1999లో మేం పెట్టించుకున్న లీజ్డ్ లైన్ (ఎవరితోనూ పంచుకోకుండా అద్దెకు తీసుకునే ఇంటర్నెట్ లైను) 64కే. ఆ లైనుకు మా ఓనరు ఏడాదికి ముందే కట్టిన అద్దెతో ఒక మారుతి 800 కొనేసి, పెట్రోలుకు కూడా కాస్త మిగుల్చుకోవచ్చు. అకౌంట్స్ చూసే ఆయన మొదటి నెలంతా నన్ను ఆడుకున్నాడు. "ఏమయ్యా, నీ ఎనిమిది ఎలా ఉంది?" అనేవాడు, టీ తాగుతూ.

మాది అమీర్‌పేటలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసు. అప్పట్లో హైదరాబాద్‌లో సందుకొకటి ఉండేది. అమెరికాలో డాక్టర్లు పేషెంటును చూశాక ఫోన్లో నోట్సు చెప్తారు. అది మాకు ఆడియో ఫైలుగా వస్తుంది. మావాళ్ళు హెడ్‌ఫోన్ పెట్టుకుని, కాలికింద పెడల్ తొక్కుతూ, ఆపుతూ, వెనక్కి తిప్పుతూ విని టైపు చేస్తారు. 24 గంటల్లో తిరిగి పంపాలి. వాళ్ళకు పగలు, మనకు రాత్రి. కాబట్టి అర్ధరాత్రి మొదలుపెట్టి పొద్దున ఆరులోపు ఫైళ్ళన్నీ దింపుకోవాలి. ఆరింటికి ముప్పై మంది వచ్చి కుర్చీల్లో కూర్చుంటారు. ఫైళ్ళు లేకపోతే అందరూ నావైపే చూస్తారు. అక్కడ సిస్టమ్స్ చూసేవాణ్ణి నేనొక్కణ్ణే.

మాకొచ్చే ఫైళ్ళలో సెకను మాటకు 4 కిలోబైట్లు పట్టేది. అంటే నిమిషం డిక్టేషన్ 240 కిలోబైట్లు. మోడెమ్ మీద 56కే అని రాసున్నా, మా బిల్డింగుకు వచ్చే ఫోను వైరు మీద అది 28,800 దగ్గర కలిస్తే ఆ రోజు బాగున్నట్టే. ఆ లెక్కన డాక్టరు నిమిషం మాట్లాడితే, ఆ మాట మా దగ్గరకు రావడానికి నిమిషం పైనే పట్టేది. ఆయన ఎదురుగా కూర్చుని మళ్ళీ చెప్పినా ఇంతకన్నా తొందరగా అయిపోయేది. రోజుకు 600 నిమిషాల డిక్టేషన్ వచ్చేది. రెండు ఫోను లైన్లు, రెండు మోడెమ్‌లు పెట్టి రాత్రంతా డయల్ చేసేవాణ్ణి. ముప్పాతిక వంతు దిగిన ఫైలు దగ్గర ఎవరో రాంగ్ నంబర్ చేస్తే కాల్ వెయిటింగ్ బీప్‌కు కనెక్షన్ తెగేది. మీటరు మాత్రం తెగకుండా తిరిగేది.

ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 64కే లైనులో సెకనుకు 8 కిలోబైట్లు. నిమిషం డిక్టేషన్ 30 సెకన్లు. 600 నిమిషాలకు 5 గంటలు, ప్యాకెట్ల (ఫైలును పంపే ముక్కల) పైఖర్చు కలుపుకుంటే ఇంకాస్త. అర్ధరాత్రి పన్నెండుకు మొదలుపెడితే అయిదున్నర, పావుతక్కువ ఆరుకు అయిపోయేది. మొదటి రోజు 5:40కి చివరి ఫైలు దిగింది. రెండో రోజు 5:38కి. మూడో రోజు 5:41కి. ఆ మూడు అంకెలు నోటుబుక్కులో రాసుకున్నాను, ఇప్పటికీ గుర్తున్నాయి. అంతకుముందు నా జీవితంలో ఇంటర్నెట్ ఎప్పుడూ ఇలా చెప్పిన టైముకు రాలేదు. అకౌంట్స్ ఆయనకు ఎనిమిది అంటే ఏమిటో నేను చెప్పాల్సిన పని లేకుండా పోయింది. ఆ నెల ఫోను బిల్లు చూసి ఆయనే ఊరుకున్నాడు.

అయినా 64 ఏమిటి, గుండ్రంగా 50, 100 కాకుండా? ఇది తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఫోనులో మన గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాస్తారు. ఎనిమిది వేలు ఇంటూ ఎనిమిది, 64,000. అంటే లీజ్డ్ లైన్ అంటే ఒక ఫోను కాల్ పట్టేంత దారి, ఎప్పటికీ కట్ చేయని ఒక కాల్. అలాంటి గదులు 32 కలిపితే ఈ1 (E1) అనే లైను, 2,048 కేబీపీఎస్. అందులో ఒక గది టైము కలుపుకోవడానికి, ఇంకొకటి ఫోను సంకేతాలకు, మిగతా 30 ఫోను కాల్స్‌కు. అమెరికావాళ్ళది టీ1. 1962లో బెల్ సిస్టమ్ మొదలుపెట్టింది. 24 గదులే, 1.544 ఎంబీపీఎస్. పాత టీ1లలో సంకేతాల కోసం మాట బిట్లలోంచే అప్పుడప్పుడు ఒకటి లాక్కునేవాళ్ళు, అందుకే వాళ్ళ డేటా లైను 56కే దగ్గర ఆగేది. మా క్లయింటు టెక్నీషియన్ ఒకసారి "మీది 64 ఎలా అయింది?" అని ఫోన్లో అడిగితే నాకు కాస్త గర్వంగానే అనిపించింది. ఇంకో సంగతి. 1986లో అమెరికా సూపర్ కంప్యూటర్ కేంద్రాలను కలిపిన ఎన్ఎస్ఎఫ్‌నెట్ అనే నెట్‌వర్క్ వెన్నెముక వేగం 56 కేబీపీఎస్. పదమూడేళ్ళ తర్వాత అమీర్‌పేటలో మూడో అంతస్తులో ముప్పై మందికి అంతకన్నా ఎక్కువ ఉంది. మన దగ్గర సామాన్యులకు ఇంటర్నెట్ మొదలైన 1995 ఆగస్టు 15న డయలప్ వేగం 9.6 కేబీపీఎస్ అని గుర్తు పెట్టుకుంటే 64 ఇంకా పెద్దగా కనిపిస్తుంది.

ఇక సామాను సంగతి. లైను ఇస్తామని డిమాండ్ నోట్ వచ్చాక డబ్బు కట్టి నెలలు ఎదురుచూశాం. చివరికి వచ్చింది రెండు జతల రాగి తీగ, ఒక మోడెమ్. ఇది కుయ్యోమని అరిచే మోడెమ్ కాదు. పుస్తకమంత డబ్బా, ముందు వరసగా చిన్న దీపాలు. అలాంటిదే ఇంకొకటి ఎక్స్ఛేంజ్‌లో ఉంటుంది. మన డబ్బా నుంచి రౌటర్‌కు వీ.35 కేబుల్. దాని కనెక్టరు అరచేతిలో పట్టనంత, 34 పిన్నుల రంధ్రాలు, రెండు వైపులా బిగించే మరలు. ఈ మరలు సరిగా బిగించకపోతే చీపురు తగిలినా లింకు పోయేది. ఊడ్చే అమ్మ వచ్చిన రోజుల్లోనే పొద్దున ఏడింటికి లింకు పోతోందని కనిపెట్టడానికి నాకు పది రోజులు పట్టింది. లైను ఇచ్చినవాళ్ళ మీద మూడు కంప్లెయింట్లు అప్పటికే బుక్ చేసేశాను. ఇంత పెద్ద కనెక్టరుకు అంత చిన్న మరలు పెట్టినవాడెవడో గానీ వాడికి నా నమస్కారం.

రౌటర్‌లో నేను రోజుకు ఇరవై సార్లు చూసిన వాక్యం ఒకటుంది. సీరియల్ జీరో ఈజ్ అప్, లైన్ ప్రోటోకాల్ ఈజ్ అప్. ఈ రెండు అప్‌లు ఉంటే నా బతుకు బాగున్నట్టు. మొదటిదే డౌన్ అంటే కేబులో, మోడెమో, మన గదిలోనే ఏదో ఉందని అర్థం. మొదటిది అప్, రెండోది డౌన్ అంటేనే అసలు టెన్షన్. మన మోడెమ్ బతికే ఉంది, అవతలివాడు పలకడం లేదు. అప్పుడు లూప్ టెస్టు. ఎక్స్ఛేంజ్‌లో ఉన్నాయనకు ఫోన్ చేసి, "అన్నా, మావైపు లూప్ ఇవ్వు" అనాలి. ఆయన అక్కడ మోడెమ్ మీద ఒక బటన్ నొక్కితే మనం పంపింది మనకే తిరిగొస్తుంది. రౌటర్‌లో లూప్డ్ అని పడితే ఎక్స్ఛేంజ్ దాకా తీగ మంచిదే, గొడవ ఆ పైన. పడకపోతే తీగ పోయింది.

"వచ్చిందా సార్?"

"రాలేదన్నా."

"ఇంకోసారి చూడండి, ఇప్పుడిచ్చా."

"సీఆర్‌సీలు మాత్రం పెరుగుతున్నాయి."

"అయితే జాయింట్లో నీళ్ళు సార్. పొద్దున్న వస్తా."

సీఆర్‌సీ ఎర్రర్లు అంటే దారిలో పాడైపోయి వచ్చిన ముక్కల లెక్క. ఆ అంకె పెరగడం మొదలైతే వాన పడబోతోందని నేను, పడిందని ఆయన అనేవాళ్ళం. లైను అంతా డిజిటలే. కానీ మా బిల్డింగుకూ ఎక్స్ఛేంజ్‌కూ మధ్యనున్న ఆ కిలోమీటరు రాగి తీగ భూమిలో, జాయింట్లలో, రోడ్డు పక్క పిల్లర్ బాక్సులో ఉండేది. వేగానికి కట్టిన డబ్బంతా ఆ పిల్లర్ బాక్సు తలుపుకున్న తాళం మీద ఆధారపడేది. ఆ తాళం కూడా ఉండేది కాదనుకోండి.

2000 ఆగస్టు 24. హైదరాబాద్‌లో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన. ఆ రాత్రి నేను ఆఫీసులోనే చిక్కుకుపోయాను. ఒంటిగంటకు సీఆర్‌సీలు వందల్లోకి వెళ్ళాయి, ఒకటిన్నరకు రెండో అప్ డౌన్ అయింది. డయలప్ మోడెమ్‌లు తీసి కలిపితే వాటికీ డయల్ టోన్ లేదు. అన్నీ ఒకే కేబుల్లో వస్తాయి కదా, ఉండదని ముందే తెలియాల్సింది. లైను బాగయ్యేసరికి తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ ఇద్దరు కుర్రాళ్ళు సీడీ డ్రైవు పట్టుకుని సికింద్రాబాద్‌లో లింకు బాగున్న తెలిసినవాళ్ళ ఆఫీసుకు వెళ్ళి, రాత్రంతా ఫైళ్ళు దింపి, సీడీలో రాసుకుని, బండి మీద తెల్లారేసరికి తెచ్చేవాళ్ళు. బండి మీద సీడీ వేగం ఎంతో ఒకరోజు లెక్కేశాను. 650 మెగాబైట్ల సీడీ అమీర్‌పేటకు చేరడానికి నలభై నిమిషాలు. 64కే లైనులో అదే సరుకు రావడానికి దాదాపు 24 గంటలు. ఈ లెక్క ఓనరుకు చెప్పలేదు. చెబితే లైను తీసేసి బండి కొనేవాడు.

ఆ వాన తర్వాతే ఆయన ఇంకో దారి కావాలన్నాడు. అమీర్‌పేటలోనే మైత్రీవనంలో ఎస్టీపీఐ (ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ సంస్థ) ఉండేది, అక్కడి నుంచి చుట్టుపక్కల మేడల మీదకు రేడియో లింకులు వేసుకున్న కంపెనీలు కనిపించేవి. మేం మటుకు 2002లో ఫైబరు వచ్చిన బిల్డింగుకు మారి ఈ1 తీసుకున్నాం. 64 నుంచి ఒక్కసారిగా 2,048. ముప్పై రెండింతలు.

ఈ పద్దెనిమిదేళ్ళలో నాకు బాగా తల వాచిపోయిన సంగతి ఇదే. లైను వచ్చింది, రెండు అప్‌లూ పడ్డాయి, ఓనరు స్వయంగా కుర్చీ లాక్కుని కూర్చుని "ఏదీ, ఒక ఫైలు దింపు" అన్నాడు. సెకనుకు 250 కిలోబైట్లు రావాల్సింది. 30 వచ్చింది. మళ్ళీ చేశాను, 31. ఆయన ఏమీ అనలేదు, లేచి వెళ్ళిపోయాడు. అది ఇంకా అన్యాయం.

లైను ఇచ్చినవాళ్ళు టెస్టర్ పెట్టి చూపించారు, వాళ్ళ 2 ఎంబీ వాళ్ళు ఇచ్చారు, ఒక్క ఎర్రర్ లేదు. నాలుగు రోజులు తిండి సయించలేదు. చివరికి తెలిసింది, తప్పు తీగలో లేదు, దూరంలో ఉంది. మా దగ్గర నుంచి అమెరికా సర్వర్‌కు పింగ్ (కబురు వెళ్ళి తిరిగొచ్చే సమయం) 270 మిల్లీసెకన్ల దాకా ఉండేది. మా మెషీన్లలో విండోస్ 98. అది డిఫాల్ట్‌గా ఒకసారికి 8 కిలోబైట్లే అందుకుంటానని చెప్తుంది. అవతలివాడు 8 కిలోబైట్లు పంపి, "అందింది" అనే కబురు తిరిగి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటాడు. సెకనులో అలాంటి రానుపోను నాలుగు మాత్రమే పడతాయి. నాలుగెనిమిదులు ముప్పై రెండు. అంతే. లారీ ఎంత పెద్దదైనా, సరుకు ఎనిమిది మూటల చొప్పునే ఎక్కిస్తూ రసీదు కోసం ఆగితే ఇంతే. విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలో ఆ 8 కిలోబైట్ల హద్దును (విండో సైజు) మార్చడం ఒక దారి. ఆ రాత్రికి ఓపిక లేక ఫైళ్ళు దింపే ఎఫ్‌టీపీ ప్రోగ్రాంలో ఒకేసారి ఎనిమిది ఫైళ్ళు దిగేట్టు పెట్టాను. ఎనిమిదీ తలా 30 లాగాయి. లైను వాడకం చూపే గ్రాఫులో పచ్చరంగు పైదాకా నిండింది. 600 నిమిషాల డిక్టేషన్ పది నిమిషాల్లో దిగిపోయింది. నిజానికి మొదటి రాత్రి అది నమ్మక ఫైళ్ళు తెరిచి విని చూశాను.

ఆ పచ్చరంగు గ్రాఫు ఎంఆర్‌టీజీ అనే ప్రోగ్రాంది. అయిదు నిమిషాలకోసారి రౌటర్‌ను అడిగి, వచ్చేది పచ్చగా, పోయేది నీలి గీతగా గీస్తుంది. లీజ్డ్ లైన్ పెట్టించుకునేవాళ్ళకు నేను మొదట చెప్పేది ఇది పెట్టుకోమని. 2003 జనవరి 25, శనివారం. పొద్దున పదకొండు దాటింది, మర్నాడు రిపబ్లిక్ డే సెలవని సగం మంది అప్పటికే ఇంటి మూడ్‌లో ఉన్నారు. పేజీలు తెరుచుకోవడం లేదని కేకలు. గ్రాఫు చూస్తే పచ్చరంగు అడుగున పడుకుంది, నీలి గీత 2 ఎంబీ దగ్గర స్కేలు పెట్టి గీసినట్టు నిలబడింది. మా దగ్గర నుంచి అంత పంపేదెవరు? స్విచ్ మీద ఒక్క దీపం మాత్రం ఆరకుండా వెలుగుతోంది. ఆ కేబుల్ లాగితే గీత పడిపోయింది. అది బిల్లింగ్ మెషీను. అందులోని సాఫ్ట్‌వేర్ మాకు తెలియకుండానే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రాం ఎస్‌క్యూఎల్ సర్వర్ చిన్న తమ్ముణ్ణి లోపల పెట్టుకుంది. ఆ రోజు ప్రపంచమంతా తిరిగిన స్లామర్ అనే కంప్యూటర్ పురుగు (వర్మ్) దాంట్లో దూరింది. మొత్తం పురుగు 376 బైట్లు, ఈ పేరాలో సగం కూడా ఉండదు. అది లైను ఎంతుంటే అంతా వాడేస్తుంది. డయలప్ అయితే 30కే చిమ్మేది, మాకు 2 ఎంబీ ఉంది కాబట్టి 2 ఎంబీ చిమ్మింది. అప్‌లోడ్, డౌన్‌లోడ్ సమానంగా ఇవ్వడం లీజ్డ్ లైన్ గొప్ప అని అందరం చెప్పుకుంటాం. ఆ రోజు ఆ గొప్ప కాస్త ఎక్కువైంది.

2004లో ప్రభుత్వం 256 కేబీపీఎస్ ఉంటే బ్రాడ్‌బ్యాండ్ అంది. మరుసటేడు నేను ఇంట్లో అలాంటిదొకటి పెట్టించుకున్నాను. ఆఫీసు లైను ఒకప్పుడు ఉన్నదానికి నాలుగింతలు, ధర వందల్లో. తెల్లవారుజామున బ్రహ్మాండం. రాత్రి తొమ్మిదింటికి వీధంతా కూర్చుంటే 256 కాస్తా డయలప్‌ను గుర్తుచేసేది. ఒకే దారిని పది ఇళ్ళకూ ఇరవై ఇళ్ళకూ పంచి అమ్ముతారు కాబట్టి చవక. లీజ్డ్ లైనులో ఆ వాటా ఒకటికి ఒకటి. డబ్బు పోయేది ఎక్కువ వేగానికి కాదు, పంచుకోకుండా ఉండడానికి. అకౌంట్స్ ఆయనకు ఇది 1999లో ఇలా చెప్పగలిగి ఉంటే నాకు నెల రోజుల ఎగతాళి తప్పేది.

అలాగని అది అన్నిటికీ కాపు కాయదు. 2008 జనవరి 30న ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో రెండు కేబుళ్ళు తెగాయి. మా రౌటర్‌లో రెండు అప్‌లూ అలాగే ఉన్నాయి. ముంబైకి పింగ్ చక్కగా పోతోంది. క్లయింటు సర్వర్‌కు మాత్రం పది ప్యాకెట్లలో నాలుగు దారిలోనే మాయమవుతున్నాయి, వచ్చినవి కూడా రెండింతల సమయం తీసుకుంటున్నాయి, పసిఫిక్ మీదుగా తిరిగి. ఒప్పందం ప్రకారం మా లింకు డౌన్ కానేలేదు. ఒప్పందం మన గది నుంచి ప్రొవైడర్ గది వరకే. ఈ ముక్క సంతకం పెట్టే ముందు ఎవరూ గట్టిగా చదివి వినిపించరు.

ఒప్పందం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. 99.5 శాతం అప్‌టైమ్ (లైను పనిచేసే సమయం) అని రాస్తే ఘనంగా ఉంటుంది. నెలకు 720 గంటల్లో అర శాతం 3 గంటల 36 నిమిషాలు. అది పగలు పది నుంచి ఒకటిన్నర దాకా పోయినా మాట తప్పినట్టు కాదు. 99.9 అంటే 43 నిమిషాలు. ఈ రెండింటి మధ్య ధరలో తేడా అడిగి, మీకు ఆ మూడు గంటలు ఎంత విలువో మీరే లెక్కేసుకోండి. రెండు లైన్లు తీసుకుంటుంటే ఇద్దరు ప్రొవైడర్లు సరిపోరు, రెండూ బిల్డింగులోకి ఏ వైపు నుంచి వస్తున్నాయో కళ్ళతో చూడండి. మాకు ఒకసారి ఇద్దరి ఫైబరూ ఒకే గోతిలోంచి వచ్చింది, ఒకే పొక్లెయిన్ రెంటినీ లేపింది.

ఇప్పుడు ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబరు ఉన్నవాళ్ళు లీజ్డ్ లైన్ ఎందుకంటే, చాలామందికి అక్కర్లేదు. పదిమంది ఆఫీసుకు ఇళ్ళకు ఇచ్చేలాంటి కనెక్షన్లు రెండు వేర్వేరువి కలిపి పెట్టుకుంటే చాలా చవకలో పని జరుగుతుంది. బయటివాళ్ళు మీ సర్వర్‌లోకి రావాల్సి ఉంటే, రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎత్తే మనిషి కావాలంటే, అప్‌లోడ్ మీ వ్యాపారమైతే, అప్పుడు తీసుకోండి. ఎంఆర్‌టీజీ పెట్టుకోకుండా మాత్రం వేగం పెంచమని వచ్చిన సేల్స్ కుర్రాడి మాట వినకండి. మేం తర్వాత తీసుకున్న 10 ఎంబీ లైను గ్రాఫు రెండేళ్ళలో 4 దాటలేదు.

2017లో మా లైను సరెండర్ చేశాం. అప్పటికి డిక్టేషన్లు తగ్గిపోయాయి, ఉన్నవి క్లౌడ్‌లోకి వెళ్ళాయి. లెటర్ ఇచ్చాక కూడా నాలుగు నెలలు బిల్లు వస్తూనే ఉంది. సరెండర్ లెటర్ కాపీ మీద అందిందని తేదీ వేసి ముద్ర కొట్టించుకున్నాను కాబట్టి డిపాజిట్ వెనక్కి వచ్చింది.